ఆ ఆరు పెట్టెలు

ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. సగం కరీంనగర్‌లో, సగం ఆదిలాబాద్‌లో. బోర్డు మీద తప్పు చేసిన లెక్కలు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. వాటిని మర్నాడే దిద్దుకున్నాను. దిద్దుకోలేనిది ఒకటి మిగిలిపోయింది. అది లెక్క కాదు, ఒక మాట.

1990ల మొదట్లో సంగతి. కరీంనగర్‌లో రెండో సంవత్సరం క్లాసు. వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడొకడు జేబురుమాలులో ఏదో చుట్టి తెచ్చాడు. వాళ్ల నాయన వెండి తీగె పని చేసేవాడు. బయటి ఊళ్లలో ఫిలిగ్రీ అంటే కరీంనగర్ పేరు చెప్తారు కానీ, ఆ పని ఎట్లా జరుగుతుందో ఊళ్లోనే చాలామందికి తెలియదు. వెండిని కరిగించి, కడ్డీ చేసి, రంధ్రాల పలకలోంచి లాగి లాగి సన్నటి తీగ తీస్తారు. రెండు తీగల్ని మెలిపెట్టి చదును చేస్తారు. కొంచెం మందం తీగతో ముందు చట్రం కడతారు. దాని లోపల సన్నతీగ చుట్టలు నింపి, వెలిగారం వేసి టంకం పెడతారు. పాన్‌దాన్ అయినా అత్తరుదాని అయినా ముందు బల్లపరుపు ముక్కలే. వాటిని వంచి, అతికితే పెట్టె అవుతుంది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి చతురస్రం నుంచి ఘనం ఎట్లా వస్తుందో పుస్తకం చెప్పనవసరం లేదు.

రుమాలు విప్పితే లోపల రాగి తీగతో చేసిన బొమ్మ. పెద్ద పెట్టె లోపల చిన్న పెట్టె. చిన్నదాని ఎనిమిది మూలల నుంచి పెద్దదాని ఎనిమిది మూలలకు తీగలు.

"సార్, లోపల ఒక పెట్టె, బయట ఒక పెట్టె. మూలకు మూల కలిపిన. నడుమ ఇంకో ఆరు పెట్టెలైనయి. మొత్తం ఎనిమిది. గని ఈ ఆరు వంకరగ వచ్చినయి. ఎనిమిదీ సక్కగ, ఒక్కతీరుగ రావాలంటే ఏడ కలపాలె సార్?"

నేను ఆ బొమ్మను చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఎంసెట్ల వస్తదారా ఇది?" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాడు రుమాలు మళ్లీ చుట్టుకుని కూర్చున్నాడు. ఆ సంవత్సరం మళ్లీ ఏమీ అడగలేదు.

వాడికి ఏం జవాబు చెప్పి ఉండాలో నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. జవాబు కష్టమైనదేం కాదు. తీగతో కట్టిన మామూలు ఘనాన్ని కందిలి ముందు పట్టుకోండి. గోడ మీద నీడ పడుతుంది. దీపానికి దగ్గరగా ఉన్న ముఖం పెద్ద చతురస్రం, దూరంగా ఉన్నది చిన్న చతురస్రం. మధ్యలో నాలుగు పక్కముఖాలు వాలుగా, వంకరగా పడతాయి. ఆ నాలుగూ నిజానికి వంకర కావు. గోడకు మందం లేదు కాబట్టి అట్లా కనబడుతున్నాయి. గోడ మీద మాత్రమే బతికే చీమ ఉంటే, ఆ నాలుగింటినీ చక్కగా చేయడానికి చోటు ఎక్కడుందని అడుగుతుంది. గోడలోంచి బయటికి, అని మనం చెప్తాం. ఆ చీమకు బయట అనే దిక్కు తెలియదు.

ఆ పిల్లవాడు చేసింది అటువంటి నీడే, ఒక మెట్టు పైన. పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడింటికీ లంబంగా నాలుగో దిక్కు ఒకటి ఉంటే, అక్కడ ఎనిమిది ఘనాలూ ఒక్కతీరుగా కూడతాయి. 16 మూలలు, 32 అంచులు, 24 చతురస్రాలు, 8 ఘనాలు. టెసరాక్ట్ అంటారు. ఇట్లా ఎన్ని మితుల్లోనైనా చదునైన హద్దులతో కట్టే ఆకారాలకు కలిపి పాలిటోప్‌లని పేరు. మీరూ ఒకటి గీసి చూడవచ్చు. ఐదు చుక్కలు గుండ్రంగా పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా అన్ని చుక్కలతో కలపండి. పంచకోణం, లోపల నక్షత్రం. పది గీతలు. సంక్రాంతి వాకిళ్లలో ఎన్నోసార్లు చూసిందే. నాలుగు మితుల్లో అన్నిటికంటే సాదా ఆకారానికి అది నీడ.

ఇదంతా తెలుసుకుంటూ ఆ చరిత్ర చదివాక నాకు సిగ్గు మొదలైంది. ఎందుకంటే ఈ శాఖను కట్టినవాళ్లలో చాలామందిని ఎవరో ఒకరు నాలాగే పక్కన పెట్టారు. స్విట్జర్లాండ్‌లో లుడ్విగ్ ష్లాఫ్లీ అనే ఆయన బడిపంతులుగా పనిచేసినవాడు. 1850-52లో నాలుగు మితుల్లో క్రమ ఆకారాలు ఆరు ఉంటాయనీ, ఐదు నుంచి పైన ఎన్ని మితులకు వెళ్లినా మూడే ఉంటాయనీ రాశాడు. పెద్ద అకాడమీలు ఆ రాతప్రతిని అచ్చువేయలేదు. ఆయన 1895లో పోయాడు, పుస్తకం పూర్తిగా వచ్చింది 1901లో. ఇంగ్లండ్‌లో థరాల్డ్ గాసెట్ లాయరు. కక్షిదారులు రాక, ఖాళీగా కూర్చుని ఎక్కువ మితుల ఆకారాలు వెతికాడు. 1900లో అచ్చయిన ఆయన పని చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

మూడో మనిషి అలీసియా బూల్ స్టాట్. తర్కానికి బీజగణితం కట్టిన జార్జి బూల్ కూతురు. తండ్రి పోయేనాటికి నాలుగేళ్లది. తల్లి మేరీ, జార్జి ఎవరెస్ట్ తమ్ముడి కూతురు. ఈ ఎవరెస్ట్ మనకు పరాయివాడు కాదు. 1819లో నిజాం రాజ్యంలో, కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో త్రిభుజాలు కడుతూ సర్వే చేసి, జ్వరంతో మంచాన పడి, కోలుకోవడానికి కేప్‌కు పోయినవాడు. కొండెక్కి ఆయన కోసం జెండా పట్టుకున్న మనుషుల పేర్లు శిఖరాలకు పెట్టలేదు. ఈ కథలో ఎవరి పేరు నిలుస్తుందనేది మొదటినుంచీ ఉన్న ప్రశ్నే.

అలీసియా కాలేజీ మెట్లు ఎక్కలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో, తర్వాత బావ అయిన హింటన్ ఇంటికి తెచ్చిన చిన్న చెక్క ఘనాలతో ఆడుతూ నాలుగో దిక్కును పట్టుకుంది. ష్లాఫ్లీ పేరు కూడా వినకుండానే ఆ ఆరు ఆకారాలనూ తనంతట తాను కనుక్కుంది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఇంటిపని మధ్యలో అట్టముక్కలు కత్తిరించి అతికించేది. ఉల్లిగడ్డను చక్రాలుగా కోస్తే ఒక్కో చక్రం ఒక్కో సైజులో వస్తుంది కదా, అట్లా నాలుగు మితుల ఆకారం మన మూడు మితులను దాటి పోతే వచ్చే ముక్కలన్నీ చేసి పెట్టింది. వాటిలో ఒకటి 600 చతుర్ముఖులతో, 120 మూలలతో కట్టినది. సమీకరణాలు లేవు. చూపు, చేయి, అంతే.

నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ ఆచార్యుడు పీటర్ స్కౌటే అవే ముక్కలను లెక్కగట్టి అచ్చువేశాడని ఆమెకు తెలిసింది. తన అట్టబొమ్మల ఫోటోలు తీసి పంపింది. నా కథలో నేనున్న చోట ఇప్పుడు ఆయన ఉన్నాడు. చదువులేని గృహిణి, అట్టముక్కలు. ఆయన ఆ ఫోటోలను తన లెక్కలతో సరిచూశాడు. సరిపోయాయి. ఆమెతో కలిసి పనిచేస్తానన్నాడు, 1913లో పోయేదాకా చేశాడు. ఆమె ఒక్కతే రాసిన 1910 వ్యాసం క్రమ ఆకారాల నుంచి ఏకరూప పాలిటోప్‌లను తయారుచేసే పద్ధతి చెప్పింది. ఘనం తీసుకోండి. ఆరు ముఖాలనూ సైజు మార్చకుండా బయటికి జరపండి. ఎడం పడినచోట అంచుల దగ్గర 12 చతురస్రాలు, మూలల దగ్గర 8 త్రిభుజాలు నింపండి. 24 మూలలున్న కొత్త ఆకారం వస్తుంది. ఏ మూల దగ్గర నిలబడ్డా మూడు చతురస్రాలు, ఒక త్రిభుజం. ముఖాలు వేరువేరు రకాలు కావచ్చు, మూలల్లో మాత్రం పెద్దమూల, చిన్నమూల ఉండవు. ఏకరూపం అంటే అదే. 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

స్కౌటే చేసినదాన్ని పెద్దమనసు అనడానికి నాకు మనసొప్పదు. పెద్దమనసు అంటే ఇచ్చినా ఇవ్వకపోయినా నడుస్తుంది. ఆయన బాకీ తీర్చాడు. నాకు కనబడనిది ఎదుటివాళ్లకు కనబడుతున్నదంటే, నా దగ్గర సరిచూసే సాధనం ఉంటే, సరిచూడటం నా బాధ్యత. చదువు నాకిచ్చిన హక్కు అంతవరకే. లేదు, పనికిరాదు అని తేల్చే హక్కు దాంతో రాలేదు.

దీనికి ఎదురు వాదన ఉంది. నాలుగో మితి పేరు చెప్పి యూరప్‌లో దయ్యాలను పిలిచినవాళ్లు ఉన్నారు. మన దగ్గరా ముగ్గులో సమస్త విజ్ఞానమూ ఉందని ఉపన్యాసాలిచ్చేవాళ్లు తక్కువ లేరు. వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రతి మాటకూ తల ఊపితే పంతులు పని ఏమిటి? నిజమే. అయితే స్కౌటే తల ఊపలేదు, కొలిచాడు. కొలవకుండా మెచ్చుకోవడం, కొలవకుండా కొట్టిపారేయడం, రెండూ ఒకే సోమరితనం. అమ్మ వేసిన ముగ్గును అందులో సైన్సు ఉందని పొగిడితే, ఆమెకు నిజంగా ఏం తెలుసో అడగకుండా తప్పించుకున్నట్టే.

నాది సోమరితనం కూడా కాదు. ఇది ఒప్పుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. ఆ రోజు వాడి ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. తెలియదు అనడానికి బదులు, ఎంసెట్ అనే పెద్ద గొడుగు కిందికి పోయి నిలబడ్డాను. ఉపయోగం ఏమిటి అని అడిగేవాళ్లలో నిజంగా ఉపయోగం గురించి అడిగేవాళ్లు ఎందరో, నాలాగా తమ అజ్ఞానాన్ని కప్పుకునేవాళ్లు ఎందరో.

రిటైరయ్యాక ఒకసారి వాళ్ల వాడకు వెళ్లాను. నాయన పోయాడు. చిన్నాయన ఒకాయన ఇంకా పని చేస్తున్నాడు. పిల్లవాడు గల్ఫ్‌లో ఉన్నాడన్నాడు, వెల్డింగ్ పని. నంబరు ఇచ్చాడు. చాలా రోజులు దగ్గర పెట్టుకుని, ఒక శుక్రవారం ఫోన్ చేశాను. గొంతు విని గుర్తుపట్టాడు, సంతోషపడ్డాడు. రాగి తీగ బొమ్మ గురించి చెప్పాను. నువ్వడిగింది చాలా పెద్ద ప్రశ్న, దానికి జవాబుంది, నాకప్పుడు తెలియదు అన్నాను. కందిలి, గోడ, నీడ, అన్నీ చెప్పాను. ఓపికగా విన్నాడు.

"నేనేమడిగిన్నో యాదికి లేదు సార్. అందరు నవ్విన్రు, అది యాదున్నది," అన్నాడు. ఏ కోపమూ లేకుండా అన్నాడు. తర్వాత నా షుగరు గురించి, పిల్లల గురించి అడిగాడు.

2001లో గ్రోనింగెన్‌లో అలీసియా గీసిన రంగుబొమ్మల కాగితపు చుట్ట బయటపడింది. అన్నేళ్లు ఎక్కడో పడి ఉన్నా పోలేదు. ఎవరో ఒకరు మొదట దాన్ని చేతిలోకి తీసుకుని చూశారు కాబట్టి, దాచదగ్గదని అనుకున్నారు కాబట్టి మిగిలింది. ఐదు మితుల నుంచి పైన ఏకరూప పాలిటోప్‌ల జాబితా ఇంకా పూర్తి కాలేదు. కాలేజీల్లో ఉద్యోగం లేని ఔత్సాహికులు కూడా ఇప్పుడు వెతుకుతున్నారు. ఆ రాగి తీగ బొమ్మ ఏమైందని నేను ఫోన్లో అడగలేదు. అడిగి ఉండాల్సిందని పెట్టేశాక అనిపించింది.