లంగరు వేసుకుని కూర్చోవడం సోమరితనమా?

మన అనంతగిరి వీడియో చూశాక చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది. పొద్దున్నే అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకుని, మధ్యాహ్నం కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్‌కి వెళ్తే అది యాత్ర అవుతుందా, పిక్నిక్ అవుతుందా? నా వరకు ఇది పెద్ద సమస్య కాదు. స్వామికార్యం, స్వకార్యం ఒకే ప్రయాణంలో చేసుకోవడం మనకి తాతల కాలం నుంచీ అలవాటే. జాతర అంటేనే సగం దేవుడు, సగం మిర్చి బజ్జీ. అసలు ప్రశ్న దాని వెనకాల ఉంది. ఏ పనీ లేకుండా, ఏ పుణ్యం లెక్కా లేకుండా, నీళ్ళ మీద ఊరికే రెండు గంటలు ఉండొచ్చా?

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. మా దగ్గర విశ్రాంతి కూడా ఆఫీసు బట్టలు వేసుకునే వస్తుంది. ధ్యానం చెయ్యి, ఫోకస్ పెరుగుతుంది అంటారు. ట్రిప్‌కి వెళ్ళు, సోమవారం ఫ్రెష్‌గా వస్తావు అంటారు. అంటే ఆగినా పని కోసమే ఆగాలి. కానీ పద్మనాభుడు అనగానే మన కళ్ళ ముందుకి వచ్చే రూపం ఏంటి? పాలసముద్రం మీద, ఆదిశేషుడి పాన్పు మీద పడుకున్న స్వామి. లోకాన్ని నడిపేవాణ్ణి మన పెద్దలు పడుకోబెట్టి మరీ దణ్ణం పెట్టుకున్నారు. దాన్ని ఎవరూ బద్ధకం అనలేదు, యోగనిద్ర అన్నారు. "ఆయన పడుకుంటే నాభిలోంచి బ్రహ్మ పుడతాడు, మనం పడుకుంటే టికెట్ ఎస్కలేట్ అవుతుంది, పోలిక కుదరదు బ్రో" అని మా టీమ్‌లో ఒకడు నవ్వాడు. నిజమే, మనం ఆయన కాదు. అయినా ఆ నిద్రలో ఎరుక ఉంటుందని చెప్తారు కదా, మనం పట్టుకోవాల్సింది ఆ ముక్కే అనుకుంటా.

దేని గురించి ఎరుక? దీనికి పడవల వాళ్ళ దగ్గర మంచి పాఠం ఉంది. లంగరు పడవని కేవలం తన బరువుతో ఆపదు. నీటి లోతుకి ఐదు నుంచి ఏడు రెట్లు తాడు వదిలితే, లాగుడు అడ్డంగా పడి, దాని కొక్కెం అడుగున మట్టిలో దిగి పట్టు దొరుకుతుంది. తాడు పొదుపు చేస్తే పట్టు ఊడిపోయి పడవ జారిపోతుంది. ఇంకో సంగతి, లంగరు వేసిన పడవ కదలకుండా ఉండదు. గాలి మారినప్పుడల్లా ఆ తాడు పొడవునా చుట్టూ తిరుగుతుంది. అందుకే పక్క పడవ ఎంత దూరంలో ఉందో చూసుకుని మరీ లంగరు వేస్తారు. ఆగి ఉన్నా సరే, మనం ఇంకొకరి చోటుని వాడుకుంటూనే ఉంటాం.

మన కోస్తా వెంట ఉన్న బకింగ్‌హామ్ కాలువే చూడండి. పెద్దగంజాం నుంచి మద్రాసు మీదుగా కిందికి, సముద్రానికి సమాంతరంగా వెళ్ళే నీటి దారి. ఒకప్పుడు బియ్యం, ఉప్పు, కట్టెలు దీని మీదే మద్రాసు చేరేవి. ఒడ్డు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవల్ని లాగేవాళ్ళు. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. అలాంటి కాలువలో హౌస్‌బోట్ వేసుకుని మెల్లగా వెళ్ళి, సాయంత్రానికి ఎక్కడో ఒక చోట ఆగితే ఎంత బాగుంటుందో అని నాకూ అనిపిస్తుంది. కానీ మద్రాసులో అడయారుని, కూవం నదిని కలిపే సుమారు 8 కిలోమీటర్ల ముక్కని 1877-78లో, మహా కరువు రోజుల్లో, సహాయ పనుల కింద తవ్వించారు. ఆకలితో ఉన్నవాళ్ళు కూలికి తవ్వారు. పేరు మాత్రం గవర్నరుది.

ఇది చెప్పి ఎవరి సరదా పాడుచేయాలని కాదు. అపరాధభావం వల్ల ఎవరికీ అన్నం పుట్టదు. అయితే గీత మూడో అధ్యాయంలో, ఇచ్చినవాళ్ళకి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి కృష్ణుడు దొంగ అంటాడు. మనం దాన్ని తిండికి, సంపదకి అన్వయిస్తాం. విశ్రాంతికి ఎందుకు అన్వయించకూడదు?

కోట్‌పల్లి నీళ్ళు మొదట పొలాల కోసం. మన కయాక్ తర్వాత వచ్చింది. అక్కడ లైఫ్ జాకెట్ బిగించి, పడవని నీళ్ళలోకి తోసే ఒక అబ్బాయిని "నువ్వు ఎప్పుడు తిరుగుతావ్ తమ్మీ?" అని అడిగాను. "ఆదివారం మీరొస్తరు గద అన్నా. సోమారం నాడు నీళ్ల దిక్కు చూడబుద్ధి కాదు, ఇంట్ల పంట" అన్నాడు. మన సెలవు అతని డ్యూటీ. అతనికి అది జీతం కూడా, కాబట్టి వెళ్ళడం మానేస్తే మేలు జరగదు. బేరం ఆడకపోవడం, చెప్పిన టైముకి ఒడ్డుకి రావడం, చిప్స్ కవర్ జేబులో పెట్టుకుని వెనక్కి తేవడం లాంటివి మాత్రం మన చేతిలో ఉన్నాయి. నీళ్ళ మధ్యలో స్పీకర్ పెట్టేవాళ్ళ గురించి నేను మాట్లాడకపోవడమే మంచిది.

ఇవన్నీ ఆలోచించేలా చేసింది మా నాన్న. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో ముప్ఫై ఏళ్ళు చేశారు. ఆ రాతి పొడిలో ఆయనకి ఆదివారం అంటే మిషన్ రిపేరు చేసుకునే రోజు. ఇప్పుడు ఇంట్లో ఉన్నారు కానీ కూర్చోవడం రాదు. గేటుకి నూనె వేస్తారు, లేకపోతే ఉన్న మేకుని పీకి మళ్ళీ కొడతారు. మా తరం విశ్రాంతి హక్కు గురించి మాట్లాడుతోందంటే, ఆ హక్కు ఉందని కూడా తెలియకుండా ఫీజులు కట్టినవాళ్ళు ఇలాంటి వాళ్ళే. ఈ ఋణం ఎలా తీర్చాలో నాకు ఏ శాస్త్రంలోనూ రెడీమేడ్‌గా దొరకలేదు. డబ్బు ఇస్తే తీసి బ్యాంకులో వేస్తారు.

మొన్న దర్శనం అయ్యాక కోట్‌పల్లి తీసుకెళ్ళాను. "పైసలిచ్చి నీళ్ల మీద కూసునుడేందిరా" అని పడవ ఎక్కలేదు. కట్ట మీద కూర్చున్నారు. పక్కన ఎవరో రైతు ఉంటే కాలువ ఎందాక పారుతుంది, ఈసారి కంది ఎట్లుంది అని మాటల్లో పడ్డారు. నేను ఒక రౌండ్ తిరిగి వచ్చేసరికి ఆ రైతు వెళ్ళిపోయాడు. నాన్న ఒక్కరే, చెప్పులు పక్కన పెట్టి, చేతిలో ఏ పనీ లేకుండా నీళ్ళు చూస్తున్నారు. పోదామా అంటే, "ఆగు, ఏం తొందర" అన్నారు.

వానలు బాగా పడి అలుగు పారేటప్పుడు మళ్ళీ వద్దామని కార్లో ఆయనే అన్నారు. పడవ ఎక్కుతారా అంటే మాత్రం కిటికీ వైపు తిరిగారు.