రెండు ఏనుగులు

బొమ్మలు నేర్చుకునే రోజుల్లో కళాచరిత్ర క్లాసంటే మాకు మధ్యాహ్నపు కునుకు. భోజనాలయ్యాక కిటికీ తెరలు దించి గోడ మీద స్లైడ్లు వేసేవారు. వాలిపోతున్న తలల ముందు నుంచి అజంతా వెళ్లిపోయేది, అమరావతి వెళ్లిపోయేది. గీసేవాడికి గీత చాలదా, చరిత్రెందుకు అన్నది మా వాదం. పరీక్ష ముందు శతాబ్దాలు బట్టీపట్టి గట్టెక్కేవాళ్లం.

అలాంటి ఒక పరీక్షలోనే అమరావతి శిల్పం గురించి రెండు పేజీలు రాశాను. నలగిరి అనే ఏనుగు ఒకే గుండ్రటి పలక మీద రెండుసార్లు కనిపిస్తుందని, వీధిలో పడి జనాన్ని తొక్కుతున్నదీ బుద్ధుడి ముందు మోకరిల్లినదీ ఒకటేనని. మార్కులు బాగానే వచ్చాయి. మర్నాటికి మరిచిపోయాను.

రెండేళ్ల తర్వాత చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఆ పలక ఎదుట నిలబడ్డాను. మన కృష్ణ ఒడ్డు రాళ్లను చూడటానికి మనమే చెన్నైకో లండన్‌కో పోవాల్సి రావడం ఏమిటని మొదట కోపమొచ్చింది. కానీ 1797లో సర్వేయర్ కాలిన్ మెకంజీ అమరావతికి వెళ్లేసరికే అక్కడి స్తూపం దిబ్బను ఇళ్ల కోసం తవ్వుకుపోతున్నారు. కొన్ని రాళ్లు సున్నమైపోయాయి. కాబట్టి ఆ కోపాన్ని మరీ గట్టిగా పట్టుకోలేను.

పెన్సిల్ తీశాను. ఒక ఘట్టం అయిపోయి రెండోది మొదలయ్యే చోటు ఎక్కడుందో పట్టుకుని, అక్కడ ఆగి, పేజీ తిప్పుదామనుకున్నాను. ఆ చోటు దొరకలేదు. తొండానికి చిక్కినవాడు, పక్కవాడిని భయంతో వాటేసుకున్న ఆడమనిషి, గవాక్షాల్లోంచి తొంగిచూసే ముఖాలు. ఒక ఒంటి వంపు ఇంకో ఒంటి వంపుకి అందిస్తుంటే నా పెన్సిల్ ఎత్తకుండానే మోకరిల్లిన ఏనుగు దాకా వచ్చేసింది. రెండో శతాబ్దపు శిల్పి కాలాన్ని ముక్కలు చేయలేదు, జనంతో నింపేశాడు. ఇది నా రెండు పేజీల్లో లేదు. అయితే ఆ రెండు పేజీలు రాసి ఉండకపోతే నేను హాయిగా రెండు ఏనుగుల్ని గీసుకుని రైలెక్కేదాన్ని.

గీతనీ చరిత్రనీ విడదీయని చోట్లూ ఉన్నాయి. బరోడాలో 1950లో లలితకళల ఫ్యాకల్టీ మొదలైనప్పుడే స్టూడియో పని పక్కన కళాచరిత్రకూ చోటిచ్చారు. అక్కడ ఆ చరిత్ర పాఠాలు చెప్పిన గులాం మహమ్మద్ షేక్ స్వయంగా చిత్రకారుడు. మన మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వెళ్లిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ కూడా కొంతకాలం చదువుకున్నది ఆ ఆవరణలోనే. రంగు అంటిన చేత్తో పాఠం చెప్పేవాళ్లుంటే మా మధ్యాహ్నాలు వేరేలా ఉండేవేమో. ఏమో, అప్పుడూ నిద్రపోయేవాళ్లమేమో.

చూసిందల్లా మేలే చేస్తుందని మాత్రం అనలేను. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడి వచ్చాక ఆరు నెలలు నా బొమ్మల్లో మనుషులందరూ పక్కకే చూశారు. కూరగాయలమ్మే ఆవిడకీ విజయనగరం నాటి చీర అంచే. నా గీత ఎక్కడికి పోయిందో తెలియక స్కెచ్ పుస్తకం తెరవడానికే భయమేసింది. పాతవాళ్ల దగ్గరికి వెళ్లడం సులువే, తిరిగి రావడమే రాదు.

ఎగ్మూరు నుంచి తెచ్చుకున్నదాన్ని అమ్మమ్మ బొమ్మలో వాడాను. ఒకే పెరట్లో, ఒకే కాన్వాస్ మీద, నూతి దగ్గర చేదతో పద్దెనిమిదేళ్ల పిల్ల, అరుగు మీద ఊతకర్రతో ముసలావిడ. మధ్యలో గోడ లేదు, బట్టలారేసిన తాడు ఒక్కటే. చూసినవాళ్లు "అమ్మమ్మా మనవరాలా?" అని అడిగారు. తాడు సరిగ్గా గీయలేదేమోనని దాన్ని మూడుసార్లు మార్చాను. అప్పుడు తట్టింది. అమరావతికి వచ్చిన యాత్రికుడికి నలగిరి కథ ముందే తెలుసు. శిల్పి పనిలో సగం ఆ యాత్రికుడే చేసి పెట్టాడు. మా అమ్మమ్మ కథ ఎవరికి తెలుసు?

ఇప్పుడు ఆ పిల్ల చెంప మీద చిన్న పుట్టుమచ్చ పెట్టాను. ముసలావిడ చెంప మీద ముడతల్లో అది దాక్కుని ఉండాలి. ఎంత దాచాలో ఇంకా కుదరడం లేదు.