మిర్చి ఘాటు, మెట్ల ఆయాసం

మిర్చి సీజన్లో మన వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక్క బస్తా మూతి విప్పితే చాలు, హమాలీలు తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. అయినా దగ్గు ఆగదు. ఆగకపోవడమే మంచిది. ఘాటును బయటికి నెట్టేది ఆ దగ్గే. ఊపిరితిత్తుల లోపలున్నవి కోట్లాది గాలి గదులు, వాటి గోడలు వెంట్రుక కంటే ఎంతో పలచన. ఆ గోడ దాటే ఆక్సిజన్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది.

ఆక్సిజనే శక్తి అనుకుంటాం. కాదు, శక్తి తిన్న అన్నంలో ఉంది. కణంలోని మైటోకాండ్రియాలు దాన్ని కొంచెం కొంచెంగా రాబట్టి ఏటీపీ అనే అణువుల్లో దాస్తాయి. చివర మిగిలే ఎలక్ట్రాన్లను అందుకుని నీరుగా మారడం ఆక్సిజన్ వంతు.

ఈ ఏటీపీని కండరంలో కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో కండరంలోని మరో శక్తి నిల్వ అయిన ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడనుకోండి, అది వేరే కథ.

ఈ రెండూ ఎంతసేపు ఆదుకుంటాయో తెలియాలంటే హనుమకొండలోని పద్మాక్షి గుట్ట మెట్లు పరుగున ఎక్కి చూడండి. కండరంలోని ఏటీపీ నిల్వ రెండు మూడు సెకన్లకే సరి. ఫాస్ఫోక్రియాటిన్ మరికొన్ని సెకన్లు ఆదుకుంటుంది. పైకి చేరి నిలబడ్డాక కూడా కాసేపు రొప్పుతామే, తరిగిన ఆ నిల్వలు ఆక్సిజన్ సాయంతో మళ్లీ నిండాలి మరి.