నుదుటిమీద వ్రాయబడిన నామము

మూలవాక్యములు: లేవీయకాండము 13:40, 41, ప్రకటన గ్రంథము 22:4



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల సంఘములలో మునుపు వినబడని ప్రశ్న యొకటి ఇప్పుడు వినబడుచున్నది. "అయ్యగారూ, మా అమ్మాయి నుదురు బాగా పెద్దది. బెంగుళూరులో ఆపరేషను చేసి జుట్టును ముందుకు దించుతారంట. చేయించవచ్చునా? అది పాపమా?" అని తల్లులు అడుగుచున్నారు. ఇట్లడుగువారిని చూచి నవ్వరాదు. ఆ ప్రశ్న వెనుక పెండ్లిచూపులలో ఎవరో అన్న మాట యొకటి యుండును. బడిలో తోటివారు పెట్టిన మారుపేరు యుండును. అద్దము ముందు ఒంటరిగా కార్చిన కన్నీరుండును. గనుక దేవుని వాక్యమును ఎదుట పెట్టుకొని నెమ్మదిగా ఆలోచింతము.

దేవుడు ఇంత చిన్న సంగతిని గూర్చి మాటలాడునా అని మీరనుకొనవచ్చును. మాటలాడియున్నాడు. లేవీయకాండము పదమూడవ అధ్యాయము కుష్ఠు రోగమును గూర్చిన అధ్యాయము. చర్మముమీద మచ్చ పుట్టినవాడు యాజకునియొద్దకు రావలెను. యాజకుడు చూచి, ఏడు దినములు కనిపెట్టి, అది రోగమో కాదో తేల్చి చెప్పవలెను. ఆ మచ్చల నడుమ, ఆ పొక్కుల నడుమ, రెండు వచనములు మనకొరకే పెట్టినట్లున్నవి. తల వెండ్రుకలు రాలినవాడును, ముఖము వైపున జుట్టు లేక నుదురు బోసియైనవాడును యాజకుని యెదుటికి వచ్చినప్పుడు, యాజకుడు వానిని పవిత్రుడని చెప్పవలెనట. ఆ చోట ఎఱ్ఱని పొడ ఏదైనను లేచినయెడల అది వేరు సంగతి, దానిని పరీక్షింపవలెను. ఊరక నుదురు పెద్దదైనంత మాత్రమున వానియందు దోషము లేదు.

ప్రియులారా, దీనిలో రెండు సత్యములున్నవి.

మొదటిది, రోగము వేరు, రూపభేదము వేరు. రోగమునకు వైద్యము కావలెను. రూపభేదమునకు కావలసినది "నీయందు దోషము లేదు" అను సాక్ష్యము. ఈ రెంటిని కలిపివేయుటవలననే మన పిల్లలకు శ్రమ కలుగుచున్నది.

రెండవది, ఆ సాక్ష్యమును బాధపడువాడు తనకు తాను చెప్పుకొనవలెనని ధర్మశాస్త్రము విడిచిపెట్టలేదు. జనుల నడుమ నిలిచిన దేవుని సేవకుడు నోరు తెరచి చెప్పవలెను. నేడు ఆ పని సంఘముది. మన సంఘములో ఒక బిడ్డ తన నుదుటిని పైటచెంగుతోనో ముంగురులతోనో దాచుకొని వెనుక వరుసలో కూర్చున్నయెడల, మనము మన పనిని చేయలేదన్నమాట.

అట్లయిన, శస్త్రచికిత్స అనునదే దేవునికి విరోధమా? కాదు. మన రాయలసీమకు లండను మిషనువారు సువార్తతోపాటు జమ్మలమడుగులో వైద్యశాలను కూడ తెచ్చిరి. వైద్యుని చేతిలోని కత్తి దేవుని కృపకు పనిముట్టు కాగలదు. మన పెద్దలు రాయవేలూరు అని పిలుచు ఊరిలోని క్రైస్తవ వైద్య కళాశాలకు డాక్టరు పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు 1946లో వచ్చెను. కుష్ఠు రోగము నయమైనను వ్రేళ్లు వంకరపోయి, ముక్కు అణగిపోయి, కనుబొమలు రాలిపోయినవారిని ఆయన చూచెను. వారి దేహములో రోగము లేదు. అయినను కనుబొమలు లేని ఆ ముఖమును చూడగానే జనులు తొలగిపోవుచుండిరి. పని యిచ్చువారు లేకుండిరి. అప్పుడాయనయు ఆయన తోటివారును వంకరపోయిన చేతులను సరిచేయుటతోపాటు, తలమీది జుట్టుగల చర్మములో చిన్న తునకను తెచ్చి కన్నులపైన అతికి కనుబొమలు కల్పించిరి. అది తల వెండ్రుకయే గనుక ఎదుగుచునే యుండెడిది. దానిని కత్తిరించుకొనవలసి వచ్చెడిది. అయినను వెలివేయబడిన మనుష్యుడు మరల మనుష్యుల నడుమ కూర్చుండుటకు ఆ వెండ్రుకలు ద్వారమాయెను.

కాలిన గాయమువలనగాని, ప్రమాదమువలనగాని, రోగమువలనగాని ముఖము చెడినవారు చికిత్స పొందుట నిందింపదగినది కాదు. అది బాగుచేయబడుట. అయితే ఆరోగ్యముగల నుదుటిని కోయుటకు ముందు మనము మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: ఇది రోగమా?

కొందరికి పుట్టుకతోనే నుదురు విశాలముగా నుండును. తండ్రికో అవ్వకో అట్లేయుండును. అది రోగము కాదు. కొందరికి జుట్టు క్రమముగా వెనుకకు పోవుచుండును. ఏండ్ల తరబడి జడను బిగించి అల్లుటవలన ముందటి వెండ్రుకలు లాగబడి ఊడిపోవుట కలదు. తొలిదశలోనే జడను వదులు చేసినయెడల అవి తిరిగి రావచ్చును. విడువని జ్వరము తరువాత, కాన్పు తరువాత, రక్తము తక్కువైనప్పుడు, థైరాయిడు గ్రంథి సరిగా పనిచేయనప్పుడు జుట్టు రాలును. కారణమును సరిచేసిన పిమ్మట చాలమట్టుకు మరల వచ్చును. గనుక మొదట మంచి చర్మవైద్యుని చూడుడి. కారణము తెలియక కత్తిని ఆశ్రయించుట, బావిలో నీరున్నదో లేదో చూడకయే మరియొక బావి త్రవ్వించుటవంటిది.

ఆ చికిత్స యేమో కూడ తెలిసికొనుడి. ఒక విధానములో జుట్టు మొదలగు గీత వెంబడి కోసి, నుదుటి చర్మములో కొంత తీసివేసి, తలచర్మమును ముందుకు లాగి కుట్టుదురు. గీత వెంబడి మచ్చ మిగులును. తలపైభాగము కొన్ని నెలలు తిమ్మిరిగా నుండవచ్చును. మునుముందు జుట్టు రాలినయెడల ఆ మచ్చ బయటపడును. అందుచేత జుట్టు వెనుకకు పోవుచున్న పురుషులకు ఇది తగినది కాదని వైద్యులే చెప్పుదురు. రెండవ విధానములో తల వెనుకనుండి వెండ్రుకలను వేళ్లతో తీసి, నారు నాటినట్లు ముందు నాటుదురు. నాటిన వెండ్రుకలు కొన్ని వారములలో రాలి, మూడు నాలుగు నెలలకు మరల మొలచును. ఫలితము తెలియుటకు ఏడాది పట్టును. వేరుతో తీసిన చోట మరల మొలవదు. ఈ పనిని శిక్షణ పొందిన వైద్యులే చేయవలెననియు, యూట్యూబులో చూచి నేర్చుకొన్నది శిక్షణ కాదనియు జాతీయ వైద్య కమిషను 2022లో తెలియజేసినది. ప్రకటనలో తక్కువ ధర చూచి మేడమీది గదికి పోయి తల అప్పగించుట బుద్ధిగల పని కాదు.

రెండవ ప్రశ్న: నీ చెవిలో మాటలాడుచున్నది ఎవరి స్వరము?

సమూయేలు బేత్లెహేములో యెష్షయి కుమారుని ఎత్తును, రూపమును చూచి మోసపోబోయినప్పుడు, మనుష్యులు పైరూపమును చూతురు గాని తాను హృదయమును చూచెదనని యెహోవా ఆయనను సరిదిద్దెను (1 సమూయేలు 16:7). ప్రవక్తయే పొరబడగా, పెండ్లిచూపులకు వచ్చినవారు పొరబడుటలో వింత ఏమున్నది? నేడు మరియొక స్వరము కూడ వచ్చినది. అది మన చేతిలోని ఫోను. దగ్గర పట్టుకొని పైనుండి తీసిన బొమ్మలో కెమెరాకు సమీపమున నున్నది పెద్దదిగా కనబడును. నుదురు పెరిగినట్లు తోచును. అది అద్దముకూడ కాదు, వంకర నీడ. ఆ నీడను చూచి దేవుడు చేసిన ముఖమును తీర్పుతీర్చకుడి.

జుట్టు స్త్రీకి ఘనమని పౌలు చెప్పెను గదా అని ఒక సహోదరి అడుగవచ్చును (1 కొరింథీయులకు 11:15). నిజమే. ఆయన తలవెండ్రుకలను గూర్చి చెప్పెను గాని నుదురు మూడు వ్రేళ్లో నాలుగు వ్రేళ్లో కొలిచి చెప్పలేదు. జుట్టుచేత పేరుపొందినవాడు అబ్షాలోము. అరికాలు మొదలుకొని నడినెత్తివరకు అతనియందు లోపము లేకుండెను. అతడు కత్తిరించిన వెండ్రుకలు రెండువందల తులముల బరువుండెను (2 సమూయేలు 14:25, 26). అయినను తండ్రిమీద తిరుగబడి, మస్తకి వృక్షమున తల చిక్కుకొని చనిపోయెను. దావీదు గుమ్మముపైని గదికెక్కి ఏడ్చినది ఆ జుట్టుకొరకు కాదు, నశించిన కుమారునికొరకు.

ధర్మవరపు నేతగాండ్రకు దీనిని వివరింప నక్కరలేదు. దేవుడు మనలను గర్భమందు రూపించుటను గూర్చి 139వ కీర్తన 15వ వచనములో హెబ్రీ భాషయందు వాడిన మాట, రంగురంగుల దారములతో చేయు చిత్రపు పనిని సూచించు మాట. మగ్గముమీద ఒక చీరకు చిన్న అంచు, ఒక చీరకు పెద్ద అంచు వేయుదురు. పెద్ద అంచు ధర్మవరపు చీరకు పేరు తెచ్చినది. దానిని చూచి "అంచు వెడల్పైనది, కోసివేయుడి" అనువారు కలరా? నేసినవాని ఉద్దేశము తెలిసినవాడు అట్లనడు.

మూడవ ప్రశ్న: ఖర్చు ఎవరు మోయుదురు?

సౌందర్యముకొరకైన చికిత్సకు ప్రభుత్వ వైద్య పథకముల సాయము రాదు. వేరుశనగ పంట ఎండిన ఏడాది, పట్టుగూళ్ల ధర పడిపోయిన నెల, మగ్గము ఆగిన వారము మన ఇండ్లలో ఎట్లుండునో మనకు తెలియును. పెనుకొండ దాపున ఎఱ్ఱమంచిలో 2019లో కార్ల కర్మాగారము పని మొదలుపెట్టిన తరువాత కొందరు యౌవనస్థులకు నెల జీతము చేతికి వచ్చుచున్నది, దేవునికి స్తోత్రము. ఆ జీతముతో తమ్ముని చదువు, తల్లి మందులు నడుచుచున్నవేమో చూచుకొనుడి. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను (లూకా 14:28). వడ్డీకి తెచ్చిన సొమ్ముతో నుదురు చిన్నదగును గాని అప్పు చిన్నది కాదు.

ఈ మూడు ప్రశ్నలకు ప్రార్థనతో జవాబు చెప్పుకొని, తన సొంత సంపాదనతో, తగిన వైద్యునియొద్ద, ఎవరి బలవంతమును లేక ఎవరైన చికిత్స చేయించుకొనినయెడల, సంఘము వారిని నిందింపరాదు. వారి రక్షణ నుదుటి గీతమీద ఆధారపడలేదు. "కోయించుకొన్నది" అని వ్రేలు చూపువాడు, "బోడినుదురు" అని మునుపు నవ్వినవాడు ఒక్కడే.

ఇప్పుడు నవ్వువారితో ఒక మాట. బేతేలు త్రోవలో ఎలీషాను బోడివాడా అని ఎగతాళి చేసినవారి కథ మనకు తెలియును (2 రాజులు 2:23, 24). ఆ శిక్ష చెప్పుటకు మనకు అధికారము లేదు. అయితే దేవుడు చేసిన తలను చూచి నవ్వుట ఆయన దృష్టికి చిన్న సంగతి కాదని అది బోధించుచున్నది. ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, మీ తరగతిలో మారుపేర్లు వినబడినయెడల ఆ దినమే ఆపుడి.

తల్లిదండ్రులారా, మీ కుమారునికి పిల్లను చూడబోవునప్పుడు, ఆ యింటి గడప దాటకముందే ప్రార్థించుడి. నచ్చనియెడల మర్యాదగా చెప్పి రండి. ముఖముమీద వంక పెట్టి రాకుడి. మీరు కాఫీ త్రాగి, బస్సెక్కి, మరచిపోవుదురు. ఆ బిడ్డ పదియేండ్లు మరువదు. మీ కుమార్తెను గూర్చి అట్టి మాట వచ్చినయెడల, "అవును, ఏదో ఒకటి చేయింతము" అని తలవంచకుడి. ఆమె వినునట్లు, "మా బిడ్డయందు లోపము లేదు" అని చెప్పుడి. లేవీయకాండములో యాజకుడు చెప్పిన మాట అదియే. తండ్రి నోట వినినప్పుడు దాని బలము మరి యెక్కువ.

కడపటిగా, నుదురు దేనికొరకు? "నుదుటి వ్రాత" అని మన దేశములో అనాదిగా చెప్పుకొందురు. పుట్టినప్పుడే కీడో మేలో అక్కడ వ్రాయబడినదనియు, తప్పించుకొనలేమనియు నమ్మి అనేకులు నిట్టూర్చుదురు. పరిశుద్ధ గ్రంథము కూడ నుదుటి వ్రాతను గూర్చి చెప్పుచున్నది. అయితే అది వేరొక వ్రాత. అహరోను నుదుట బంగారు రేకు కట్టి, దానిమీద యెహోవా పరిశుద్ధతను గూర్చిన మాట చెక్కించిరి. యెరూషలేము పాపములను చూచి మూల్గువారి నొసళ్లమీద గురుతు వేయుమని యెహెజ్కేలు దినములలో ఆజ్ఞ వచ్చెను. కడపట నూతన యెరూషలేములో దేవుని దాసులు ఆయన ముఖమును చూతురు. ఆయన నామము వారి నొసళ్లమీద నుండును. బాప్తిస్మపు నీరు మన తలను తాకిన దినమున మనము ఆయన సొత్తని చెప్పబడితిమి.

నుదురు విశాలమైన బిడ్డా, విను. నీవు దాచుకొనుచున్న ఆ చోటనే ప్రభువు తన నామము వ్రాయనున్నాడు. అది వ్రాయుటకు ఎంత చోటు కావలెనో ఆయనకు తెలియును. ఈ ఆదివారము ముందటి వరుసలో కూర్చుండుము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా తలవెండ్రుకలను లెక్కించిన నీకు స్తోత్రము. తమ రూపమును బట్టి క్రుంగినవారిని లేవనెత్తుము. నవ్విన నోళ్లకు మారుమనస్సు నిమ్ము. వైద్యులకు జ్ఞానమును, మా బిడ్డలకు ధైర్యమును, మా ఇండ్లకు మంచి మాటను దయచేయుము. నీ నామము మా నొసళ్లమీద నిలుచు దినమువరకు మమ్మును కాపాడుమని మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.