నా పేరున ఒక బిళ్ళ

పోయిన మాఘమాసంలో మేం అయిదుగురం థాయ్‌లాండ్ వెళ్ళి వచ్చాం. అయిదుగురమూ నరసరావుపేటలో ఒకే బెంచీ మీద కూచుని బి.ఏ. చదివినవాళ్ళం. ఇప్పుడు అందరికీ నలభై దాటాయి. ఇద్దరికి కళ్ళజోళ్ళు, ఒకావిడకి షుగరు, ఇంకొకావిడకి కాబోయే అల్లుడు. మాకు చరిత్ర చెప్పిన మేడమ్ రిటైరయ్యాక కూడా ఊరుకోక, "నాగార్జునకొండ పాఠం మీకు సగమే చెప్పానర్రా. మిగతా సగం సముద్రం అవతల ఉంది, రండి చూపిస్తాను" అన్నారు. కనక మా ప్రయాణానికి విద్యాయాత్ర అని పేరు పెట్టుకున్నాం. ఇంట్లోవాళ్ళకి చెప్పటానికి కూడా ఆ పేరే బాగుంది. "సరదాగా తిరిగి వస్తాం" అని ఉంటే ఎవరి మొహాలు ఎల్లా మారేవో మీకు నేను చెప్పాలా?

బయలుదేరే ముందు వారం రోజులూ చదివిందేమీ లేదు, వండటమే. కందిపొడి, గోంగూర పచ్చడి, రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టిన పిండి, డబ్బాల మీద "సోమవారం", "మంగళవారం" అని అంటించిన చీటీలు. ఆరు రోజులు ఇల్లు వదలటానికి ఇల్లాలు కట్టవలసిన సుంకం అది. ఎవరూ అడగలేదు సుమండీ! మావారయితే "ఊళ్ళో హోటళ్ళు లేవా ఏమిటి, వెళ్ళిరా" అన్నారు పాపం. అడక్కుండానే కట్టేశాను.

బ్యాంకాక్ విమానాశ్రయం పేరు సువర్ణభూమి. 2006లో తెరిచారు. లోపల పెద్ద పెద్ద బొమ్మలతో క్షీరసాగర మథనం ఉంది. ఒక పక్క దేవతలు, ఒక పక్క రాక్షసులు, నడుమ వాసుకి. మన రేవుల నుంచి వర్తకులూ భిక్షువులూ ఓడలెక్కి ఈ కథల్నీ బుద్ధుణ్ణీ ఇటు ఎల్లా తీసుకొచ్చారో మేడమ్ చెప్పుకుపోతున్నారు. మా షుగరావిడ మాత్రం ఆ బొమ్మల్ని తేరిపార చూసి, "ఆ పాము మనమేనే" అంది. "ఒక పక్క పుట్టిల్లు, ఒక పక్క మెట్టిల్లు. అమృతం ఎవరు తాగినా ఒళ్ళు ఒరుసుకుపోయేది దానికే." అందరం నవ్వాం.

మర్నాడు వాట్ పో ఆలయానికి వెళ్ళాం. అక్కడ బుద్ధుడు పవళించి ఉంటాడు. నలభై ఆరు మీటర్ల పొడుగు, ఒంటినిండా బంగారు పూత. ఆయన వీపు వెనక గోడ పొడుగునా నూట ఎనిమిది కంచు పాత్రలు వరసగా పెట్టి ఉంటాయి. డబ్బు ఇస్తే చిన్న చిన్న బిళ్ళలు ఇస్తారు. పాత్రకొక బిళ్ళ వేసుకుంటూ నడవాలి. వేసేటప్పుడు మనసులో ఎవరి క్షేమమైనా తలుచుకోవచ్చు. టింగుటింగుమని ఆ చప్పుడు ఎంత బాగుంటుందో!

మావారు, అబ్బాయి, అమ్మాయి, అత్తగారు, అమ్మ, పోయిన నాన్న, మరుదులు, తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలు, మా పనమ్మాయి, దాని తాగుబోతు మొగుడు, పక్కింటివాళ్ళ పరీక్షల అబ్బాయి... పాత్రలు అవుతున్నకొద్దీ పేర్లు వెతుక్కుని మరీ వేశాను. ఆఖరి బిళ్ళ అయిపోయి బయటికి వస్తుంటే, అల్లుడు రాబోయే మా స్నేహితురాలు "ఏమే, నీ పేరున ఒకటి వేసుకున్నావా?" అంది.

వేసుకోలేదు. ఆవిడా వేసుకోలేదు. నూట ఎనిమిది పాత్రలు, అయిదుగురు ఆడవాళ్ళు. మాలో ఒక్కరికీ తన పేరు గుర్తు రాలేదు! మేడమ్ చెప్పులు తొడుక్కుంటూ, "నేను మొదటి బిళ్ళ నాకే వేసుకున్నాను" అన్నారు, మంచినీళ్ళు తాగానన్నంత మామూలుగా.

ఆ రోజంతా నాకు ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. ఇది త్యాగమా, అలవాటా, లేక భయమా? త్యాగమని చెప్పుకోవటం మనకి ఇష్టం. కాని త్యాగం చేసేవాళ్ళకి తాము వదులుకుంటున్నదేమిటో తెలియాలి కదా! మాకు అది తెలియను కూడా తెలియలేదు.

ఆ మర్నాడు అయోధ్య అని మనం పిలుచుకోదగ్గ అయుత్తయకి వెళ్ళాం. 1767లో బర్మా సైన్యాలు నేలమట్టం చేసిన రాజధాని. తలలు పోయిన బుద్ధ విగ్రహాల వరసలు చూస్తుంటే మాటలు రావు. అయితే నాకు బాగా గుర్తున్నది శిథిలాలు కావు, ఆ పక్కనే పూజలు జరుగుతున్న ఒక చిన్న గుళ్ళో చూసిన సంగతి. భిక్షువులకి అన్నం సమర్పించి ఒక ముసలావిడ కూచుంది. వాళ్ళు మంత్రాలు చదువుతుంటే ఆవిడ చిన్న చెంబులోంచి గిన్నెలోకి సన్నని ధారగా నీళ్ళు వంపుతోంది. ఆవిడ మోచేతిని కూతురు పట్టుకుంది, కూతురి మోచేతిని మనవరాలు. దాన్ని వాళ్ళ భాషలో క్రువత్ నామ్ అంటారని గైడమ్మాయి చెప్పింది. తాను సంపాదించుకున్న పుణ్యాన్ని పోయినవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ పంచిపెట్టటం. తరవాత ఆ గిన్నెలో నీళ్ళు తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పోసింది.

"ధార పోయటం!" అన్నాను గట్టిగా. మనం నోటితో అంటున్న మాటని ఆవిడ చేత్తో చేస్తోంది. కన్యాదానం ధార పోస్తాం, తపస్సు ధార పోస్తారు, "బిడ్డల కోసం జీవితం ధార పోసింది" అని ఆడవాళ్ళు పోయాక సంతాప సభల్లో చెబుతారు.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? దానికీ అక్కడ ఒక కథ ఉంది. బోధిసత్వుడు జన్మజన్మల్లో చేసిన ప్రతి దానానికీ వదిలిన ధార భూదేవి జుట్టులో నిలిచిపోయిందిట. మారుడు దండెత్తి వచ్చిననాడు ఆవిడ సాక్షిగా లేచి జుట్టు పిండితే, ఆ వరదలో మారసైన్యం కొట్టుకుపోయిందిట. బ్యాంకాక్‌లో సనామ్ లువాంగ్ మైదానం పక్కన జడ పిండుకుంటున్న భూదేవి విగ్రహం ఉంది. జనం మంచినీళ్ళు తాగటానికని 1917లో సౌవభా రాణి కట్టించింది. ఆడదాని ధారని ఎవరో ఒకరు లెక్క పెట్టి దాస్తున్నారని అనుకోవటం హాయిగానే ఉంది మరి.

గైడమ్మాయిని అడిగాను, అందరికీ పంచేస్తే ముసలావిడకి ఏం మిగులుతుందని. ఆ పిల్ల నవ్వి, ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటిది తగ్గుతుందా అంది. బాగానే ఉంది. దీపం తగ్గదు, నిజమే. నూనె సంగతేమిటి?

ఆ రాత్రి హోటలు గదిలో మంచాల మీద కాళ్ళు చాపుకుని కూచున్నాం. నా నూనె ప్రశ్నకి మేడమ్ మా పలనాటి నుంచే జవాబు తీశారు. పేరు బోధిసిరి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురిలో, అంటే మా మాచర్ల అవతలి నాగార్జునకొండ లోయలో, వీరపురుషదత్తుడి 14వ ఏట శాసనం వేయించిన ఉపాసిక. రాణి కాదు, ఒక గృహస్థు ఇల్లాలు. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం లాంటి దేశాల్ని ధర్మం వైపు తిప్పిన సింహళపు స్థవిరుల కోసం చైత్యగృహం కట్టించింది. ఇంకా ఒకచోట మూడు గదులు, ఒకచోట ఏడు, ఒకచోట చెరువు, సింహళ విహారంలో బోధివృక్షానికి ఒక కోవెల. ఆ పుణ్యాన్ని ఎవరెవరికి పంచిందో రాతిమీద చెక్కించింది. భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, తాత, మేనమామ, కూతురు, కొడుకులు, కోడళ్ళు. కొడుకుల పేర్లేమిటో తెలుసా? నాగన్న, వీరన్న! ఇవాళ మాచర్ల బస్టాండులో కేక వేస్తే నలుగురు తిరిగి చూస్తారు.

"చూశారా, ఆవిడా మనలాగే" అంది షుగరావిడ సంతోషంగా.

"కాదు" అన్నారు మేడమ్. "శాంతిసిరి సంగతి కూడా విను." ఈవిడ రాజు తోబుట్టువు, వీరపురుషదత్తుడికి మేనత్తా అత్తగారూ కూడా. ఆరో ఏట మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. ఉభయకులాల్లో పోయినవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ ఇకముందు పుట్టబోయేవాళ్ళకీ పుణ్యం ధార పోసింది. ఉభయకులాలంటే పుట్టిల్లూ మెట్టిల్లూనూ. అంతా చెప్పి చివర్న ఒక ముక్క కలిపింది, తనకి నిర్వాణం కలగటానికి కూడా అని.

వీళ్ళిద్దరి గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. శాంతిసిరి తన్ను తాను కలుపుకుంది, బోధిసిరి పేర్ల జాబితా చాంతాడంత సాగింది. కాని ఇద్దరిలోనూ ఒకటి సమానం. పని వాళ్ళు చేశారు. శాసనంలో కర్తృత్వం వాళ్ళది. ముందు చెంబు నింపుకుని, ఆ తరవాత ధార పోశారు. పంచింది ఫలాన్ని, పనిని కాదు. మనం చేసేది అట్లా కాదు. పనినే పంచిపెట్టేస్తాం.

మా అమ్మని చూడండి. గురజాలలో కాపరం. అక్కణ్ణించి మాచర్ల మీదుగా నాగార్జునకొండ లాంచీ రేవు రెండు గంటల బస్సు ప్రయాణం. చుట్టాలు ఎవరొచ్చినా నాన్న తీసుకెళ్ళేవారు. నేను నాలుగుసార్లు వెళ్ళాను. అమ్మ ఒక్కసారీ వెళ్ళలేదు. తెల్లవారుఝామున లేచి, నాపరాళ్ళ వంటింట్లో కూచుని, అందరికీ పులిహోర కలిపి అరిటాకుల్లో కట్టి ఇచ్చేది. "నువ్వూ రావే" అంటే "మీరు చూస్తే నేను చూసినట్టే" అనేది. అబద్ధమని నేను అనలేను. ఆవిడ నిజంగా అట్లాగే నమ్మిందేమో, సాయంత్రం మేం చెబుతుంటే కళ్ళు విప్పార్చుకుని వినేది. ఆ తృప్తిని నేనెవర్ని కొట్టిపారెయ్యటానికి? అయినా నలభై ఏళ్ళుగా నేను తిన్న ఆ పులిహోర ఇప్పుడు గొంతులో అడ్డం పడుతోంది. ఆ లోయని కూడా మా కోసమే ముంచారు. 1955లో శంకుస్థాపన, 1967లో కాలవలకి నీళ్ళు. ఆ ధారతోనే మా చేలు పండాయి. అమ్మ మాత్రం ఆ నీళ్ళని కాలవలోనే చూసింది.

థాయ్‌లాండ్ నుంచి అందరికీ ఏవేవో తెచ్చాను. అమ్మకి ఏమీ తేలేదు. వచ్చిన రెండో ఆదివారం కారు మాట్లాడి, మోకాళ్ళ నొప్పులు అంటున్నా వినకుండా విజయపురి రేవుకి తీసుకెళ్ళాను. లాంచీలో కిటికీ పక్కన కూచోబెట్టాను. దారి పొడుగునా బోధిసిరి కథ చెప్పాను. కొడుకుల పేర్లు విని నవ్వింది. మ్యూజియంలో శాసనాల స్తంభాల ముందు చాలాసేపు నిలబడి, "ఇన్ని అక్షరాలూ ఆడవాళ్ళే రాయించారుటే?" అంది. "ఇన్నీ కాదమ్మా, చాలా" అన్నాను.

చెట్టు కింద కూచుని పొట్లాలు విప్పాం. పులిహోర నేనే కలిపాను. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తగ్గిందే, ఇంగువా వెయ్యలేదు" అంది. అని, ఆకు నా వైపు జరిపి ఇంకాస్త పెట్టించుకుంది.