ముందుగా వచ్చుట



మన పిల్లలు బడిలో నేర్చుకొను ఆంగ్ల క్రియలలో ‘ప్రివెంట్’ అనునది ఒకటి. ఆపుట, అడ్డగించుట, నివారించుట అని దానికి అర్థము చెప్పుదురు. ఆసుపత్రి గోడల మీద రోగనివారణను గూర్చి వ్రాసిన చోట ఆంగ్లములో కనబడు మాట కూడ ఇదే. ఈ అర్థము మాత్రమే తెలిసిన పిల్లవాడు 1611వ సంవత్సరమున జేమ్సు రాజు ఏలుబడిలో వెలువడిన ఆంగ్ల బైబిలును తెరచి, 59వ కీర్తన 10వ వచనము చదివినచో తెల్లబోవును. కృపగల దేవుడు దావీదును ‘ప్రివెంట్’ చేయునని అక్కడ యున్నది. దేవుడు తన భక్తుని అడ్డగించునా? మరల 119వ కీర్తన 147వ వచనము చూచిన, అక్కడ భక్తుడే తెల్లవారుటను ‘ప్రివెంట్’ చేసెనట! యెహోషువ దినములలో సూర్యుడు నిలిచెనని చదివితిమి గాని, పొద్దు పొడవకుండ ఆపినవాని మాట మనమెన్నడును వినలేదు.

చిక్కు దేవుని వాక్యములో లేదు, ఆంగ్ల పదములోనే యున్నది. ఇది లాటిను భాషనుండి వచ్చినది. ‘ప్రే’ అనగా ముందు. ‘వెనీరే’ అనగా వచ్చుట. ముందుగా వచ్చుట, అంతే. 15వ శతాబ్దమున ఆంగ్లములో ప్రవేశించినప్పుడు ఆ పాత వాసన దానికింకను ఉండెను. కాబట్టి కీర్తనకారుడు తెల్లవారకముందే లేచి మొఱ్ఱపెట్టెనని భావము. కోడి కూయకముందే లేచి వాకిట పేడనీళ్లు చల్లు మన అవ్వలందరు ఆ పాత అర్థమున ప్రతి ఉదయమును ‘ప్రివెంట్’ చేసినవారే. 1549లో ఇంగ్లండు సంఘమునకు సిద్ధమైన ప్రార్థన పుస్తకములో, మా పనులన్నిటిలో మమ్మును ‘ప్రివెంట్’ చేయుమని దేవుని వేడుకొను ప్రార్థన యొకటి కలదు. మాకు ముందుగా నడువుమని ఆ కాలపు వారు వేడుకొనిరి. నేటి చెవికి, మా పనులన్నియు చెడగొట్టుమని వేడుకొన్నట్టుండును!

ఇంత మంచి మాట ఇట్లెందుకు మారెను? పొలము గట్టు మీద నడచువారికి ఇది సులభముగా తెలియును. గట్టు సన్నము, ఇద్దరు ప్రక్కప్రక్కన నడువలేరు. ముందు పోవువాడు దారిలోని ముల్లు తీసివేయవచ్చును, పామున్నదని హెచ్చరించవచ్చును. లేదా తాను నిలిచిపోయి వెనుకవానికి అడుగు పెట్టుటకు చోటు లేకుండ చేయవచ్చును. చోటు అదే, మనిషి అతడే. ఆంగ్లేయులు కాలక్రమమున ఈ మాటను రెండవవాని విషయమే ఎక్కువగా వాడిరి; తుదకు మొదటివాడు మరుగున పడెను. ఫ్రెంచివారి కథ వేరు. అదే లాటిను మాట వారి యొద్ద ‘ప్రెవెనీర్’ అయి, ఆపుట అను అర్థముతోబాటు ముందుగా తెలియజేయుట అను అర్థమును కూడ నిలుపుకొన్నది. ఇతరుల అక్కరను అడుగకముందే గ్రహించు మర్యాదస్థుని వర్ణించు మాట కూడ వారికి దానినుండియే పుట్టినది. ఒకే విత్తనము రెండు చేలలో రెండు విధముల పండినది.

ఆంగ్లేయులను చూచి మనము నవ్వనక్కరలేదు. మన ‘ఎదుర్కొనుట’ మాటేమి? పెండ్లివారికి ఎదురుకోలు అనగా మేళములతో, పన్నీటితో ఎదురు వెళ్లి తోడుకొని వచ్చుట. మత్తయి 25లోని పదిమంది కన్యకలు దివిటీలు పట్టుకొని పెండ్లికుమారుని ఎదుర్కొనుటకే బయలుదేరిరి. నేటి వార్తాపత్రికలో మనము ఎదుర్కొనునవి ఏవి? కరువు, తుపాను, కోర్టు కేసు. 21వ కీర్తన 3వ వచనములో దేవుడు రాజును ఆశీర్వాదములతో ఎదుర్కొనునని మన బైబిలులో చదివి, ఇదేమి యుద్ధమని ఆశ్చర్యపడు యౌవనస్థులు లేకపోలేదు. జేమ్సు రాజు బైబిలులో సరిగా ఆ చోటనే ‘ప్రివెంట్’ అనుమాట యుండుట గమనింపదగినది. మూలమైన హెబ్రీ క్రియయు ఇట్టి రెండంచులదే: ఆశీర్వాదము ఎదురు వచ్చుటకును, 18వ కీర్తన 18వ వచనములో ఆపద దినమున శత్రువులు మీదికి వచ్చుటకును అదే క్రియ వాడబడినది.

పదములు మారినప్పుడు నష్టపోవునది ఎవరు? థెస్సలొనీకయుల మొదటి పత్రిక 4వ అధ్యాయము చూడుడి. ఆ సంఘములో కొందరు చనిపోయిరి. ప్రభువు వచ్చునప్పుడు బ్రదికియున్నవారే ముందుగా ఆయనను చేరుదురేమో, మట్టిలో నున్న మనవారు వెనుకబడుదురేమో అని మిగిలినవారు దుఃఖపడిరి. లేదు, మనము వారికంటె ముందుగా పోము అని పౌలు 15వ వచనములో ఓదార్చెను. 1611వ బైబిలు ఇచ్చటను ‘ప్రివెంట్’ అనియే వ్రాసెను. నేడు దానిని చదువువానికి, బ్రదికినవారు చనిపోయినవారిని అడ్డగింపరు అని తోచును. బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లికి అందులో ఓదార్పేమున్నది? అందుకే 1881లో సవరింపబడిన ఆంగ్ల క్రొత్త నిబంధనలో ఆ మాటను తీసివేసి, ముందు నడచుట అని స్పష్టముగా అర్థమిచ్చు మాటను పెట్టిరి. మంచిపని చేసిరని మేమందుము. పాత మాట మీది భక్తికంటె ఆ తల్లి కన్నీరు ఎక్కువ.

అయినను, ఈ పదము విడిచిపోయిన ప్రశ్న మనతోనే యున్నది. ఇతరులకంటె ముందుగా వచ్చుట ఎప్పుడు మేలు, ఎప్పుడు అడ్డు?

మత్తయి 17లో పన్ను వసూలు చేయువారు పేతురును, మీ బోధకుడు అరషెకెలు చెల్లింపడా అని అడిగిరి. చెల్లించుననెను గాని చేతిలో డబ్బున్నట్టు లేదు. ఇంటిలోనికి వచ్చెను. అతడు నోరు తెరువకముందే యేసు ఆ సంగతి ఎత్తెను. జేమ్సు రాజు బైబిలులో ఇచ్చటి మాటయు ‘ప్రివెంట్’ అనునదే. అప్పు కొరకు ఇంకొకని గడప తొక్కి, ఏమి చెప్పవలెనో తెలియక తలపాగా సవరించుకొనుచు నిలిచినవానికి, ఆ మొదటి మాట తనకు తప్పుట ఎంతటి దయయో తెలియును. దానికి ముందటి అధ్యాయములో పేతురు తానే ముందుకు వచ్చెను. యెరూషలేములోని శ్రమల మాట విని, ఇది నీకు కలుగదని ప్రభువునకు అడ్డు నిలిచెను. వెనుకకు పొమ్మని అతనికి ఆజ్ఞ ఆయెను. ప్రేమ లేక కాదు. ప్రేమతోనే దారి మూసెను.

దేవుని కృప మన కోరికకు ముందే వచ్చునని అగస్టీను బోధించెను. జాన్ వెస్లీ (1703–1791) దానిని ఈ క్రియనుండియే వచ్చిన పేరుతో పిలిచెను: ‘ప్రివెంటింగ్ గ్రేస్’. అది ముందుగా వచ్చి మనలో మొదటి ఆశను పుట్టించును గాని, మన బదులు తానే జవాబు చెప్పదని ఆయన బోధ. లూకా 15లోని తండ్రి కుమారుడు ఇంకను దూరముగా ఉన్నప్పుడే పరుగెత్తెను. దూరదేశమునకు సేవకులచేత డబ్బు సంచి మాత్రము పంపలేదు. పంపియుండినచో ఆ చిన్నవాడు లేచి వచ్చుట యుండెడిది కాదు.

గ్రామములలో ఇది అంత తేటగా నుండదు. విధవరాలి కుమార్తె సంబంధమును పెద్దలు ఆమె మేలు కోరియే ఆమె నోరు తెరువకముందు నిశ్చయింతురు, దానిని సహాయమందురు. ఆమెకు పలుకుటకు మిగిలినది ‘సరే’ అను మాట ఒక్కటే. ఇది పేతురు మొదటి రకము ముందడుగని మా తలంపు. మాకు తెలిసిన ఒక తల్లి కుమారుని త్రాగుడు అప్పులను, అప్పులవాడు వాకిటికి రాకముందే కమ్మలు తాకట్టు పెట్టి తీర్చుచుండెను. కుమారునికి సిగ్గు కలుగకూడదని ఆమె కోరిక. ప్రభువు పేతురు విషయమున చేసినదియు అదే గదా అని మమ్మడిగెను. ఆ ప్రశ్న తేలికది కాదు. పేతురు కూడ సముద్రమునకు పోయి గాలము వేయవలసివచ్చెనని మాత్రము మేము చెప్పితిమి. నాణెము ఇంటికి రాలేదు. ఆమె ఏమియు అనలేదు. తరువాతి కోతలప్పుడు అప్పులవాడు వచ్చినప్పుడు ఆమె లోపలనే యుండి, కుమారునినే అరుగు మీదికి పంపెను. వారిద్దరు చాలసేపు మాటలాడుకొనిరి.