సుంకం కడితే రుణం తీరుతుందా?

కలపర్రు టోల్‌గేటు దగ్గర చిల్లర కోసం వెతుక్కోవడం, రసీదు కోసం చెయ్యి చాచడం ఇప్పుడు పెద్దగా కనిపించవు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక, అద్దం మీది చీటీని యంత్రం చదువుకుంటుంది, గేటు లేస్తుంది, విజయవాడ నుంచి వచ్చిన బండి ఏలూరు దాటి రాజమండ్రి దారి పడుతుంది. డబ్బు ఇచ్చినవాడి మొహం పుచ్చుకున్నవాడు చూడడు. ఇచ్చినవాడికి మాత్రం ‘నా బాకీ నేను తీర్చేశాను, ఈ దారికి నేనింకేమీ బాకీ లేను’ అన్న ఒక నిశ్చింత మిగులుతుంది. ఆ నిశ్చింతకి ధర్మంలో ఆధారం ఉందా అన్నదే నా ప్రశ్న. లేదని నా అభిప్రాయం. సుంకం ఒక సంబంధానికి మొదలే గాని ముగింపు కాదు.

ధర వేరు, రుణం వేరు. ధర చెల్లించాక ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. రుణం అలా వదలదు. ఊరు విడిచి వెళ్ళినా, పాడిగేదె చచ్చిపోయినా ‘మనకి దానితో రుణం తీరిపోయింది’ అంటాం, డబ్బు మాట అందులో ఎక్కడా రాదు. మనిషి పుడుతూనే దేవతలకి, ఋషులకి, పితరులకి బాకీ పడతాడని వైదిక వాఙ్మయం చెప్పింది. శతపథ బ్రాహ్మణం నాలుగోదిగా సాటి మనుషుల రుణాన్ని చేర్చింది. అది నాణెంతో తీరేది కాదు, ఇంటికి వచ్చినవాడికి చోటిచ్చి అన్నం పెడితే తీరేది. దారి ఏ లెక్కలోకి వస్తుంది? దారిన పోయేవాడికి ఎవరో చోటిస్తేనే దారి. కాబట్టి ఈ నాలుగో రుణంలోకే వస్తుందంటాను.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం ఉంది. అలాగైతే దారికి డబ్బు పుచ్చుకోవడమే తప్పు కదా? బావులు, చెరువులు, తోటలు, సత్రాలు పూర్త ధర్మమని పెద్దలన్నారు. అశోకుడు ఏడో స్తంభశాసనంలో దారి పక్కన మర్రిచెట్లు నాటించానని, మామిడితోపులు వేయించానని, బావులు తవ్వించానని, పశువులకూ మనుషులకూ నీళ్ళు దొరికే చోట్లు ఏర్పరచానని చెప్పుకున్నాడు. ఎండాకాలం మన ఊళ్ళలో వెలిసే చలివేంద్రం ఆ వంశానిదే. దాహానికి వెల కట్టినవాడిని ఎవరు మెచ్చుకుంటారు? ఈ వాదన మనసుకి నచ్చుతుంది, కాని సగమే చెబుతుంది. రాజు ఉచితంగా వేయించిన దారికి కూలి ఇచ్చింది ఖజానా, ఆ ఖజానా నింపింది రైతు శిస్తు. జన్మలో పొలిమేర దాటని రైతు సొమ్ముతో వర్తకుడి బండి నడిచింది. దారి వాడుకున్నవాడే ఖర్చు పెట్టుకోవాలనడంలో అంతకంటే న్యాయం ఉంది. ద్విచక్ర వాహనాలకూ ట్రాక్టర్లకూ ఎడ్లబళ్ళకూ నేటి రుసుం నియమాలు మినహాయింపు ఇవ్వడం వెనక ఆ ఇంగితమే ఉంది. అన్నట్టు అశోకుడు తన సౌకర్యాల జాబితా చెప్పి అక్కడితో ఆగలేదు. ఇది చిన్న సంగతే, వెనకటి రాజులూ ఇలాంటివి చేశారు, జనం ధర్మాన్ని అనుసరించాలనే నేను చేశాను అన్నాడు. దారి వేయడంతో పని అయిపోలేదని దారి వేయించినవాడే ఒప్పుకున్న మాట అది.

సుంకం న్యాయమే అనుకుందాం. పుచ్చుకున్నవాడి మీద అది ఏ బరువు పెడుతుంది? అర్థశాస్త్రంలో సరిహద్దు అధికారి సరుకు బండికి పణంపావు ‘వర్తని’, అంటే దారి సుంకం, వసూలు చేయాలి. గుర్రంలాంటి ఒంటిగిట్ట జంతువుకి ఒక పణం, పశువుకి అర, మేకా గొర్రెకి పావు, భుజాన మోసే మూటకి ఒక మాషం. రేట్ల పట్టిక ఈనాటి టోల్‌బోర్డుని తలపిస్తుంది. తేడా ఆ వెంటనే వచ్చే విధిలో ఉంది. దారిలో సరుకు పోయినా దొంగలు పట్టుకుపోయినా ఆ అధికారే భర్తీ చేయాలి. అంటే వసూలు చేసిన చెయ్యే కాపాడాల్సిన చెయ్యి. మన నేల మీదే దీనికి ఇంకా గొప్ప సాక్ష్యం ఉంది. 1244 నాటి మోటుపల్లి శాసనంలో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే వెనకటి రాజులు ఆ సరుకంతా లాక్కునేవాళ్ళు. ఆయన నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వదిలేశాడు, అదీ దయతో, కీర్తి కోసం, ధర్మం కోసమని చెప్పి. సుంకం అక్కడ దోపిడీకి హద్దు గీసింది, అభయానికి గుర్తుగా నిలిచింది.

ఇప్పుడు మన దారి చూడండి. రహదారి ఈ మైదానం మీద పడమటి నుంచి తూర్పుకి సాగుతుంది. గుండుగొలను దగ్గర చీలి పాతది తాడేపల్లిగూడెం, తణుకు వైపు, కొత్తది దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు పోతుంది. నీళ్ళు మాత్రం ఉత్తరాన మెట్ట నుంచి దక్షిణాన పల్లానికి దిగుతాయి. చింతలపూడి వైపు నుంచి వచ్చే తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరిని చుట్టి కొల్లేటిలో పడుతుంది. రామిలేరు, బుడమేరు గమ్యం కూడా అదే. తూర్పున ఎర్రకాలువ పొంగితే తాడేపల్లిగూడెం వైపు చేలు మునుగుతాయి. కృష్ణా గోదావరుల నడుమ పళ్ళెంలా ఉన్న కొల్లేటికి సముద్రం చేరే తోవ ఉప్పుటేరు ఒక్కటే. మనిషి దారికీ నీటి దారికీ ఈ మైదానమంతా కూడలే, ఆ కూడలికి ముందొచ్చింది నీరు. ఏ గట్టైనా, రోడ్డైనా కాలవైనా చేపల చెరువైనా, తూములు చాలకపోతే ఎగువ చేనుని చెరువు చేస్తుంది. నీటి తోవ మూస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడకి చూపించింది.

సుంకం పుచ్చుకున్నవాడు ఆ ఎగువ చేనుకీ పూచీ పడాలంటే రెండో అభ్యంతరం వస్తుంది. వర్తకుడి సరుకు వేరు, గట్టు పక్క రైతు వేరు. రైతు సుంకం కట్టలేదు, అతనితో ఒప్పందమేమీ లేదు, మరి అతనికి పూచీ ఎవరు పడతారు? పైగా ఈ దారి అతనికీ మేలు చేసిందే. కొల్లేటి చేప ఐసు పెట్టెల్లో ఎక్కి హౌరాకి చెడిపోకుండా చేరుతోంది, రోగి ఏలూరు ఆస్పత్రికి త్వరగా అందుతున్నాడు. ఈ మేలుని నేను కొట్టిపారేయను. కాని మేలు కూడా రుణమే, అది దారి వాడుకునే మన మెడకే ఎక్కువ చుట్టుకుంటుంది. ఒప్పందం లేదన్న మాట నిలవదు. భూసేకరణలో పోయిన సెంటుకి పరిహారం లెక్క ఉంటుంది. పోకుండా మిగిలి, వానలకి నిలవనీటిలో కుళ్ళిన వరి చేనుకి ఆ లెక్కలో చోటు లేదు. ఆ రైతు ప్రతి తొలకరికీ సుంకం కడుతూనే ఉన్నాడు, అతని దగ్గర రసీదు లేదంతే. రోడ్డుకి ఎగువ, దిగువ బతికే గొడ్డూ, కొల్లేటికి దిగే గూడబాతూ కూడా కడుతున్నాయి. ఈ సరస్సు ఐదో కాంటూరు వరకూ 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్సర్ చిత్తడినేల. అభయమన్న మాట దాని పేరులోనే పెట్టుకున్నాం. అశోకుడి జాబితాలో మనుషుల పక్కన పశువులు ఊరికే చేరలేదు.

ఇక పన్నులు కడుతున్నాం, మళ్ళీ టోలూ కడుతున్నాం, ఇంకా రుణమేమిటని విసుక్కునేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ విసుగులో నిజముంది. ప్రభుత్వ సొమ్ముతో వేసిన రోడ్డుకి పెట్టుబడి రాబట్టుకున్నాక రుసుం నలభై శాతానికి తగ్గాలని 2008 నియమాల్లో రాసి ఉండేది. తీరే హద్దు లేని వసూలు ధర్మవడ్డీ కాదు, చక్రవడ్డీ. అందుకే డబ్బు కట్టినవాడికి అడిగే హక్కు ఉంటుంది. ఆ హక్కుని గుంతల దగ్గరా, బారులు తీరిన బండ్ల దగ్గరా ఆపేయడమే నాకు బాధ. మృగశిర కార్తెకి ముందు రోడ్డు కింది తూముల్లో పూడిక తీశారా, మెట్ట నీరు పల్లానికి దిగడానికి ఖానాలు చాలుతున్నాయా, పుంత తెగిపోయిన ఊళ్ళో ఆవలి చేనుకి ట్రాక్టరు ఎటు నుంచి వెళ్తోంది, ఇవన్నీ కూడా ఆ రుసుం కట్టినవాడు అడగాల్సిన ప్రశ్నలే. కలపర్రులో గేటు లేచినప్పుడు ఖాతాలో తెగిన రూపాయల్లో తమ్మిలేటికీ వాటా ఉంది.